వాగ్గేయకారుల మీద సినిమాలు తీసేవారికి ఒక బహిరంగ లేఖ

తెలుగు సినిమా దర్శకులకు, రచయితలకు, నిర్మాతలకు, సంగీత దర్శకులకు

నమస్కారం.

పాటకు మాటా వరసా తామే కట్టిన మన వాగ్గేయకారుల జీవితాల మీద మీరు తీసిన సినిమాల గురించి, ఇకముందు తీయబోయే సినిమాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పిల్లలకు సంగీతం నేర్పుతాను. నా దగ్గరకు వచ్చే పిల్లలకు అన్నమయ్య ఎవరో, రామదాసు ఎవరో కొత్తగా చెప్పనక్కరలేదు. సినిమా చూసి ఉంటారు; కథంతా వాళ్ళకు వచ్చు. ఆ కథలో ఏది ఆధారం ఉన్న సంగతి, ఏది తరతరాలుగా జనం చెప్పుకున్నది, ఏది మీ కథా చర్చల్లో పుట్టినది అని విడదీసి చెప్పడమే కష్టమైన పని. పెద్దవాళ్ళతో ఇంకా కష్టం. "మేము సినిమాలో చూశాం కదా" అంటారు. తెలుగువాళ్ళలో చాలామందికి ఈ మహానుభావుల జీవితచరిత్ర అంటే మీ సినిమాయే. ఇంకో పుస్తకం తెరిచే అవకాశం వాళ్ళకు రాదు. అందుకే ఈ మాటలు మీకే చెప్పాలి.

మహిమలు తీసేయమని నేను అడగడం లేదు. భక్తుడి కథలో దేవుడు కనిపించడం మన కథాసంప్రదాయంలో తప్పు కాదు. కల్పన వద్దని కూడా అనను. మూడు గంటల సినిమాకు సంభాషణలు కావాలి, సన్నివేశాలు కావాలి, చరిత్ర చెప్పని ఖాళీలు పూరించాలి. నా బాధ వేరే. ఆధారమున్న సంగతి, పరంపరగా వచ్చిన కథ, రచయిత సొంతంగా అల్లినది, ఈ మూడూ తెర మీద ఒకే వెలుగులో, ఒకే అధికారంతో కనిపిస్తున్నాయి. మూడోది రెండోదాని వేషం వేసుకుని వస్తోంది. ప్రేక్షకుడికి తేడా తెలిసే దారి ఒక్కటి కూడా మీరు వదలడం లేదు.

అన్నమాచార్యుల సంగతే చూడండి. 15వ శతాబ్ది కవి ఒకరి గురించి ఇంత ఆధారం మిగలడం అరుదు. ఆయన సంకీర్తనలను కుమారుడు పెదతిరుమలాచార్యుల పూనికతో రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. 32,000 సంకీర్తనలు పాడారని ప్రతీతి. మనకు దక్కినవి 12,000కు పైగా. ఆ రేకుల మొదట్లోనే కాలం స్పష్టంగా చెక్కి ఉంది. శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులకు పదహారేళ్ళప్పుడు, తిరువేంగళనాథుడు ప్రత్యక్షమైతే ఆయన మీద సంకీర్తనలు చెప్పడం మొదలుపెట్టారని, శకం 1424 దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా చెప్పారని దాని భావం. మన లెక్కలో 1424 నుంచి 1503 దాకా. పుట్టిన సంవత్సరం 1408 అని మనం చెప్పగలుగుతున్నది కూడా ఆ పదహారేళ్ళ మాటను బట్టే.

ఆ వాక్యాన్ని కాస్త నిదానంగా చదవండి. సంవత్సరం, తిథి, వయసు ఉన్నచోటే "ప్రత్యక్షమైతే" అన్న మాట కూడా ఉంది. చరిత్ర ఒక పక్క, మహిమ ఇంకో పక్క అని కత్తితో కోసినట్టు విడదీయడం ఇక్కడ కుదరదు. స్వామి కనిపించాడా లేదా అన్నది మనం తేల్చే విషయం కాదు. ఆ కుటుంబం దాన్ని సంవత్సరంతో సహా లోహం మీద చెక్కేంతగా నమ్మింది అన్నది మాత్రం చరిత్రే. అలాంటి మహిమను మీరు తెర మీద ఎంత ఘనంగా చూపించినా నాకు పేచీ లేదు.

రేకుల తర్వాత చెప్పవలసింది మనుమడు తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము. అది ఇంట్లోవాళ్ళు చెప్పుకున్న కథ. మోకాళ్ళపర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లిన పిల్లవాడికి అలమేలుమంగ కనిపించి ప్రసాదం పెట్టడం, తిమ్మక్క, అక్కలమ్మలతో పెళ్ళి, సాళువ నరసింగరాయలు సంకెళ్ళు వేయించడం, అవి ఊడిపోవడం, అన్నీ అందులోవే. తాత మీద భక్తితో రాసినది కనుక ప్రతి అక్షరమూ చరిత్ర అనలేం. కానీ ఆ ఇంటి నోట, ఆ కాలానికి దగ్గరగా వచ్చిన మాట అది. దాని విలువ దానిది.

1997లో వచ్చిన అన్నమయ్య సినిమా ఈ రెండింటినీ దాటి ఇంకో కథ ఎత్తుకుంది. అందులో అన్నమయ్య సంకీర్తనలు మొదలుపెట్టడానికి ముందే పూర్తి యువకుడు. మరదళ్ళ అందం తప్ప లోకం తెలియని సరసుడు; తర్వాత దేవుడు తన అందం చూపించి మనసు మార్చాడు. ఈ కథ రేకుల్లో లేదు, చిన్నన్న ద్విపదలో లేదు. స్త్రీవ్యామోహంలో మునిగినవాడికి కళ్ళు తెరుచుకుని భక్తుడో యోగో కావడం అన్నది మనకు బాగా తెలిసిన కథారూపం. శ్రీకృష్ణకర్ణామృతం రాసిన లీలాశుకుడి గురించి అలా చెబుతారు, వేమన గురించి అలా చెబుతారు. ఆ అచ్చులో అన్నమయ్యను పోశారు. పదహారేళ్ళకే పదం అందుకున్న పిల్లవాడి కథ ఇంతకంటే అపురూపమైనది కాదా? అలాంటి పిల్లవాడు తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళపాటు ఆ పాట ఆపలేదంటే అందులో నాటకీయత తక్కువైందా?

నన్ను ఎక్కువ బాధపెట్టిన చోటు ఇంకొకటి ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

చిన్నన్న చెప్పిన కథలో రాజుకూ కవికీ తగవు వచ్చింది ఒక శృంగార సంకీర్తన దగ్గర. "ఏమొకో చిగురుటధరమున యెడనెడ కస్తురి నిండెను, భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదు కదా" అన్న పాట అది. చిగురులాంటి పెదవి మీద అక్కడక్కడ కస్తూరి మరకలున్నాయి, అది ఆమె తన విభుడికి రాసిన ఉత్తరమేమో అని చెలికత్తెలు అనుకుంటున్నారు. ఆ విభుడు వేంకటేశ్వరుడు. పాట విని రాజు పరవశించి, ఇలాంటి పదాలు నా మీదా చెప్పమన్నాడు. అంటే ఆ విభుడి స్థానం తనకిమ్మన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని కొనియాడే నాలుక నిన్ను కొనియాడలేదన్నాడు. అందుకే సంకెళ్ళు. ఆయన శృంగార సంకీర్తనల ప్రపంచమంతా ఈ ఒక్క నియమం మీద నిలబడి ఉంది. నాయిక స్థానంలో అలమేలుమంగ ఉండవచ్చు, చెంచెత ఉండవచ్చు, గొల్లభామ ఉండవచ్చు. నాయకుడి స్థానంలో మాత్రం మనిషి ఉండడానికి వీల్లేదు.

మరి సినిమాలో "ఏలే ఏలే మరదలా" అన్న సంకీర్తన ఎక్కడుంది? యువకుడైన అన్నమయ్యకూ ఆయన ఇద్దరు మరదళ్ళకూ యుగళగీతంగా ఉంది. ఏ స్థానాన్ని రాజుకు ఇవ్వనని ఆయన సంకెళ్ళు వేయించుకున్నాడో, ఆ స్థానంలో మీరు ఆయన్నే తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. అదే సినిమాలో తర్వాత జైలు ఘట్టం కూడా ఉంది. మొదటి సగంలో చేసిన పని రెండో సగంలో చెప్పే మాటను కాదంటోందని కథా చర్చల్లో ఒక్కరైనా అని ఉంటే ఎంత బాగుండేది! సంవత్సరం తప్పు పడితే దిద్దుకోవచ్చు. ఇది కవి జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన నియమాన్ని తలకిందులు చేయడం. చూసిన పిల్లవాడు ఆ పాట విన్నప్పుడల్లా అన్నమయ్య తన మరదళ్ళను ఆటపట్టిస్తున్నాడనే అనుకుంటాడు. ఆ పాటలోకి మళ్ళీ స్వామిని తీసుకురావడానికి నాలాంటివాళ్ళకు చాలా ఓపిక కావాలి.

ఇక తిమ్మక్క. ఆమె సుభద్రా కల్యాణం రాసిన కవయిత్రి. తెలుగులో మనకు పేరు తెలిసిన తొలి కవయిత్రుల్లో ఒకరు. తొలి కవయిత్రి ఆమేనని చెప్పేవారూ ఉన్నారు. భర్త కవి, భార్య కవి, కొడుకు కవి, మనుమడు కవి. అలాంటి ఇల్లు తెలుగు సాహిత్యంలో మరొకటి చూపించడం కష్టం. సినిమాలో ఆ ఇల్లు లేదు. తిమ్మక్క చేతికి మీరు గంటం ఇవ్వలేదు. సరసానికీ అలకకూ పరిమితం చేశారు. కల్పన కావాలంటే ఇక్కడ ఎంత చోటుందో చూడండి. భార్యాభర్తలిద్దరూ కవులైన ఇంట్లో ఒక సాయంత్రం ఎలా గడిచి ఉంటుంది? ఆమె రాసిన ద్విపద ఆయన వింటూ ఏమని ఉంటాడు? ఆ సన్నివేశానికీ ఆధారం ఉండదు. కానీ ఆ కల్పన మనల్ని నిజం వైపు నడిపిస్తుంది. సినిమా ఎంచుకున్న కల్పన నిజమైన మనిషిని చిన్నది చేసింది.

ఆ సినిమా చేసిన మేలు నేను మరిచిపోను. ఆ సంవత్సరం తర్వాత అన్నమయ్య పాట పల్లెటూళ్ళలో, ఆటోల్లో, పెళ్ళిపందిళ్ళలో వినిపించింది. కీరవాణి గారి సంగీతానికి జాతీయ పురస్కారం వచ్చింది, రావలసిందే. మా తరగతులకు వచ్చిన పిల్లల్లో చాలామందికి మొదటి పిలుపు అక్కడి నుంచే అందింది. అంత బలం ఉన్న మాధ్యమం కాబట్టే ఇంత పట్టుబట్టి అడుగుతున్నాను.

బాణీల విషయం ఇంతకంటే సులువుగా సరిదిద్దగలిగింది, అయినా ఎవరూ పట్టించుకోనిది. రాగిరేకుల మీద ప్రతి సంకీర్తనకూ రాగం పేరు ఉంది. స్వరం లేదు. ఏ రాగమో తెలుసు, ఏ వరసలో పాడారో తెలియదు. అన్నమయ్య గొంతులోని బాణీ మనకు దక్కలేదు. 20వ శతాబ్దిలో సాహిత్యం వెలుగు చూశాక రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు నూరుకు పైగా పాటలకు స్వరాలు కూర్చారు. నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా ఎందరో ఆ పని కొనసాగించారు. మనం "అన్నమయ్య బాణీ" అని పాడుకుంటున్నవన్నీ ఇంచుమించు మన తాతల కాలానివి, తండ్రుల కాలానివి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నాలుగు వందల ఏళ్ళ మౌనం తర్వాత ఒక తరం సంగీత విద్వాంసులు కూర్చుని ఆ మాటలకు మళ్ళీ ప్రాణం పోశారు. అదే ఒక గొప్ప కథ. తెర మీద మాత్రం అన్నమయ్య చేతిలో తంబుర పట్టుకుని, ఆ వరస అప్పుడే తనలోంచి పుట్టినట్టు పాడతాడు. పైగా వేటూరి గారు రాసిన "తెలుగు పదానికి జన్మదినం" కూడా అన్నమయ్య సంకీర్తనే అనుకునే పెద్దలు నాకు తారసపడ్డారు. వేటూరి గారికి దక్కవలసిన మెచ్చుకోలు ఆయనకు దక్కనీయకపోవడం కూడా న్యాయం కాదు కదా.

త్యాగరాజస్వామి సంగతి వేరు. ఆయన కృతులు శిష్యుల గొంతుల్లో, వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం పరంపరల్లో తెగకుండా వచ్చాయి. పాఠాంతరాలున్నా బాణీ మూలం ఆయనదే. 1946లో నాగయ్య గారు తానే దర్శకత్వం వహించి, తానే పాడి నటించిన త్యాగయ్యలో కృతి వినిపిస్తే అది 1847లో తిరువయ్యారులో ఆగిన గొంతుకు నిజంగానే వారసత్వం. ఒక వాగ్గేయకారుడి పాట మనకు స్వరంతో దక్కింది, ఇంకొకరిది మాటతో మాత్రమే దక్కింది. ఈ తేడా తెలియకుండా వీళ్ళ జీవితాల మీద సినిమా ఎలా తీస్తాం?

రామదాసు దగ్గరకు వస్తాను. 2006 నాటి శ్రీరామదాసు సినిమాలో కబీరుదాసు కనిపిస్తాడు. కబీరు మరణానికి పండితులు ఎంత ఆలస్యపు తేదీ చెప్పినా 1518 దాటదు. తానీషా గోల్కొండ గద్దె ఎక్కింది 1672లో. మధ్యలో నూటయాభై ఏళ్ళకు పైగా ఉన్నాయి. అయితే ఇది సినిమావాళ్ళు కొత్తగా చేసిన తప్పు కాదు. కబీరు వచ్చి రామదాసుకు తారకమంత్రం ఉపదేశించాడని జనం ఎప్పటి నుంచో చెప్పుకుంటున్నారు. నాకు ఆ కథ ఇష్టం. తెలుగు రామభక్తుడికి గురువుగా కాశీ నుంచి ఒక ముస్లిం నేతగాణ్ణి పిలుచుకొచ్చిన జనం మనసు ఎంత విశాలమైనదో చూడండి. కబీరు రావడం చరిత్ర కాదు, కబీరు రావాలని మనవాళ్ళు కోరుకోవడం చరిత్ర. ఈ మాట ప్రేక్షకుడికి చెబితే సన్నివేశం బలం తగ్గదు.

రామదాసు విషయంలో నేను కోరేది ఆ పాటలను పాటలుగానే కాకుండా సాక్ష్యాలుగా కూడా చూడమని. "ఇక్ష్వాకు కులతిలక" వినండి. చుట్టూ ప్రాకారాలు చేయించాను, పదివేల వరహాలు పట్టాయి. భరతుడికి పచ్చల పతకం, దానికి పదివేల వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, దానికి మొహరీలు పదివేలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం. సీతమ్మకు చింతాకు పతకం. నీకు కలికితురాయి. ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు? నీ తండ్రి దశరథ మహారాజు పెట్టాడా, నీ మామ జనక మహారాజు పంపాడా? ఇది ఒక తహసీల్దారు ఒప్పజెబుతున్న లెక్క. ఖజానాకు చేరవలసిన శిస్తు ఎటు పోయిందని పైవాళ్ళు అడిగితే పద్దు పద్దుగా చెప్పవలసిన లెక్కను ఆయన దేవుడి ముందు చదువుతున్నాడు. తర్వాత వెంటనే, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, అబ్బను తిట్టానని ఆయాసపడవద్దు అని కాళ్ళ మీద పడతాడు. కోపం, లెక్క, దెబ్బల నొప్పి, పశ్చాత్తాపం అన్నీ ఒకే పాటలో ఉన్నాయి. ఉద్యోగధర్మానికీ భక్తికీ మధ్య నలిగిన మనిషి ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే అద్భుతాలతో ఆయన్ని ఎందుకు కప్పేయాలి?

చుట్టూ ఉన్న చరిత్ర కూడా చిన్నది కాదు. రామదాసు మేనమామలుగా చెప్పే తానీషా మంత్రులు అక్కన్న మాదన్నలు 1686లో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా ఉండి 1699లో కన్నుమూశాడు. ఒక తహసీల్దారును చెరలో పెట్టిన రాజు చివరికి తానే చెరలో చనిపోయాడు. ఏ రచయితా అల్లనక్కరలేని కథ ఇది. మన సినిమాలు దీని జోలికి వెళ్ళలేదు.

ఇప్పుడు ప్రతినాయకుల సంగతి. వాగ్గేయకారుడి కథకు ఎదురు పాత్ర కావాలి కనుక ఎవరో ఒకరు బలి అవుతారు. త్యాగరాజు అన్నగారు జపేశుడు అలా బలైన మనిషి. తమ్ముడు రాజాస్థానానికి వెళ్ళి సంపాదించలేదన్న కసితో పూజావిగ్రహాలను కావేరిలో పారేశాడని, "నేనెందు వెదకుదురా" అప్పుడే పుట్టిందని మనకు అందరికీ తెలిసిన కథ. పాట చూడండి. నాలుగు ముఖాల బ్రహ్మ మొర పెట్టుకుంటేనే రాని నిన్ను నేనెక్కడ వెతకను అంటుంది. విగ్రహం మాట లేదు, కావేరి లేదు, అన్న లేడు. మరి అన్నతో ఇబ్బంది అంతా కల్పనేనా? అదీ కాదు. "అన్యాయము సేయకురా" అన్న కాపి రాగ కృతిలో "నా పూర్వజు బాధ తీర్పలేదే" అని త్యాగరాజస్వామే రాముణ్ణి అడిగాడు. పూర్వజుడంటే అన్న. అంటే బాధ ఉంది, అది ఏ రూపంలో ఉందో పాట చెప్పదు. హరికథలు ఆ ఖాళీని నింపాయి, సినిమాలు నిండినదాన్ని చరిత్రగా నిలబెట్టాయి. జపేశుడి తరఫున మాట్లాడే కాగితం ఒక్కటి కూడా మన చేతిలో లేదు. అలాంటి మనిషి మీద దుర్మార్గుడన్న ముద్ర వేసేటప్పుడు చేయి కాస్త వణకాలి.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. ఐరోపా సంగీతకారుడు మొజార్ట్ మీద 1984లో అమేడియస్ అన్న అమెరికన్ సినిమా వచ్చింది, ఎనిమిది ఆస్కార్లు గెలిచింది. మొజార్ట్ ప్రతిభకు అసూయపడి ఆయన చావు కోరిన సంగీతకారుడిగా సాలియేరీ అందులో కనిపిస్తాడు. నిజానికి సాలియేరీ బీథోవెన్‌కు, షూబర్ట్‌కు, లిస్ట్‌కు పాఠాలు చెప్పిన గురువు. మొజార్ట్ 1791లో చనిపోయాక ఆయన చిన్న కొడుక్కి సంగీతం నేర్పినవాళ్ళలో సాలియేరీ ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఒక గాయని ఆరోగ్యం కుదుటపడినందుకు స్వరపరచిన రచన ఒకటి ఈమధ్యనే ప్రాగ్‌లోని ఒక మ్యూజియంలో దొరికింది. విషం పెట్టాడన్న పుకారు సాలియేరీ బతికుండగానే పుట్టింది. ఆయన పోయిన అయిదేళ్ళకు 1830లో రష్యన్ కవి పుష్కిన్ దాన్ని నాటకం చేశాడు. తర్వాత రంగస్థలం, ఆపైన సినిమా. పుకారుకు ఒక్కో తరం ఒక్కో మెట్టు కట్టింది. ఇవాళ లోకంలో ఎవరిని అడిగినా సాలియేరీ అంటే అసూయే.

అయినా ఆ సినిమాలో మీరు నేర్చుకోదగినవి రెండున్నాయి. ఒకటి, కథ మొత్తం మతి చలించిన ముసలి సాలియేరీ ఒక మతగురువుకు చెప్పుకుంటున్నట్టుగా నడుస్తుంది. ఇది ఒక మనిషి చెబుతున్న మాట అని ప్రేక్షకుడికి మొదటి నుంచీ తెలుస్తూనే ఉంటుంది. రెండు, చివర్లో మంచం పట్టిన మొజార్ట్ తన రెక్వియమ్‌లోని (చనిపోయినవారి కోసం పాడే ప్రార్థనా సంగీతంలోని) ఒక భాగాన్ని ఒక్కో గొంతూ, ఒక్కో వాద్యమూ విడివిడిగా చెబుతుంటే సాలియేరీ రాసుకునే సన్నివేశం. అది జరగలేదు. ఆ రచనను పూర్తి చేసింది మొజార్ట్ అనుచరుడు జ్యూస్‌మయర్. కానీ ఆ కల్పన చూసినవాడికి నాలుగు గొంతుల సంగీతం ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకుంటుందో మొదటిసారి చెవికి తెలుస్తుంది. సంగీతం వైపు చెవి తిప్పే కల్పనను నేను ఎప్పుడూ కాదనను. మన సినిమాల్లో త్యాగరాజు ఒక కృతికి సంగతి మీద సంగతి, అంటే ఒకే పాదానికి మార్పు మీద మార్పు, ఎలా పెంచుకుంటూ పోయాడో చూపించిన సన్నివేశం ఒక్కటి ఉంటే, ఎంత కల్పనైనా నెత్తిన పెట్టుకునేదాన్ని. మన వాగ్గేయకారులు తెర మీద ఏడుస్తారు, దేవుడితో మాట్లాడతారు, పాటలు పాడతారు. పాట కట్టడం మాత్రం కనిపించదు.

కథను ఒకరి నోట చెప్పించే పద్ధతి మనకు బయటి నుంచి రావలసిన అవసరం లేదు. హరిదాసు ఉన్నాడు. చిడతలు పట్టుకుని, గజ్జె కట్టుకుని, కథ మధ్యలో ఆగి, "పెద్దలు ఇలా చెబుతారు నాయనా" అని మళ్ళీ కథ అందుకునే మనిషి. కావేరిలో విగ్రహాల కథను, కబీరు కథను, తానీషాకు రామలక్ష్మణులు పైకం చెల్లించిన కథను ఆ హరిదాసు నోట చెప్పించండి. మహిమకు మహిమ మిగులుతుంది, అది ఎవరి నోటి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. రాగిరేకుల్లో ఉన్నదాన్ని, పాటలో ఉన్నదాన్ని నేరుగా చూపించండి. రెండూ రెండు రకాలుగా తెర మీద కనిపిస్తే ప్రేక్షకుడికి మీరు వేరే పాఠం చెప్పనక్కరలేదు.

ఇది కుదరదనుకుంటే కనీసం టైటిల్స్‌లో చెప్పండి. మామూలు సినిమాకు పాత్రలన్నీ కల్పితం అని ఒక వాక్యం వేస్తారు. వాగ్గేయకారుడి సినిమాకు ఆ వాక్యం పనికిరాదు, ఎందుకంటే పాత్రలన్నీ కల్పితం కావు. ఏ పాత్ర మీ సృష్టి, ఏ ఘట్టం పరంపర నుంచి తీసుకున్నారు, కాలాన్ని ఎక్కడ కలిపేశారు అని నాలుగు ముక్కలు రాయండి. పాటల పట్టికలో ప్రతి పాటకూ సాహిత్యం ఎవరిది, మూలంలో ఉన్న రాగం ఏది, ఈ బాణీ ఎవరు కట్టారు అని వేయండి. పరిశోధకుణ్ణి, సంగీత విద్వాంసుణ్ణి పాటల రికార్డింగుకు కాకుండా కథా చర్చలకు పిలవండి. రికార్డింగు నాటికి ఆయన దిద్దగలిగేది ఉచ్చారణ మాత్రమే.

పాత సినిమాల హక్కులున్నవారికి కూడా ఒక విన్నపం. ఆ ప్రతులను శుభ్రం చేసి మళ్ళీ టీవీలోనో ఓటీటీలోనో పెడుతున్నప్పుడు సినిమాలో ఒక్క ఫ్రేము కూడా మార్చవద్దు. మొదట్లో ఒక్క నిమిషం పాటు ఒక కార్డు వేయండి. అన్నమయ్యకు ముందు ఆ రాగిరేకు బొమ్మ, దాని మీది వాక్యం, పదహారేళ్ళన్న మాట, తిమ్మక్క కావ్యం పేరు చూపించండి. శ్రీరామదాసుకు ముందు కబీరు కాలం, తానీషా కాలం వేయండి. ఆ కార్డుల మీది వాక్యాలు రాయడానికి మనిషి కావాలంటే నేను రాసిపెడతాను, పైసా తీసుకోను. నాకంటే బాగా తెలిసిన విద్వాంసుల పేర్లు కూడా ఇస్తాను.

ఇట్లు,
మీ సినిమాలు చూసి పాట నేర్చుకోవడానికి వచ్చే పిల్లల
సంగీతం టీచరు